ఫుల్ ఫ్రేము సరే... కార్డు స్లాట్లెన్ని?

ఈ మధ్య మా ఆఫీసులో ఎవరికి పెళ్ళి కుదిరినా మొదట వచ్చే ప్రశ్న అమ్మాయి ఏం చదివింది, అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు అని కాదు. "ఫోటోగ్రాఫర్ దగ్గర ఏ కెమెరా ఉందిట?" అని. వెంటనే రెండోది, "ఫుల్ ఫ్రేమేనా?" అని. మనవాళ్ళకి కాన్ఫిగరేషన్ అన్నది కంటపడితే చాలు, చదవకుండా ఉండలేరు. లాప్‌టాప్ కొన్నా, కారు కొన్నా, ఆఖరికి మిక్సీ కొన్నా ఒక ఎక్సెల్ షీటు తయారు. నేనూ ఆ తానులో ముక్కనే కాబట్టి ధైర్యంగా అనగలుగుతున్నాను.

నేనుండేది ఎల్బీనగర్లో. ఇటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి అటు కర్మన్‌ఘాట్, చంపాపేట, సాగర్ రోడ్డు దాకా ఫంక్షన్ హాళ్ళకి లోటు లేదు. ముహూర్తాలున్న రోజున మెట్రో దిగి ఇంటికెళ్ళేలోపు కనీసం రెండు బరాత్‌లు దాటాలి. ఆ హాళ్ళని నమ్ముకుని గల్లీకో ఫోటో స్టూడియో బతుకుతోంది. అలాంటి ఒక స్టూడియో అన్నతో నాకు నాలుగేళ్ళ స్నేహం. శని ఆదివారాల్లో ఆయన దగ్గర కూర్చుని టీ తాగుతూ కెమెరాలు కెలకడం నా కాలక్షేపం. ఆయనకి కంప్యూటర్ మొరాయిస్తే నేను, నాకు కెమెరా గురించి డౌటొస్తే ఆయన. అదీ ఒప్పందం.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను. ఫుల్ ఫ్రేము మిర్రర్‌లెస్ కెమెరా స్పెసిఫికేషన్లలో మనం అడిగే లైన్లు వేరు, పెళ్ళిలో పనికొచ్చే లైన్లు వేరు. మనం తప్పు లైను పట్టుకుని ఆరా తీస్తుంటే, ఆ లైను కోసం స్టూడియోవాళ్ళు అప్పు చేస్తున్నారు. పనికొచ్చే లైను ఎవరూ అడగట్లేదు కాబట్టి అది ఉన్నా వాడట్లేదు.

ముందు ఈ ఫుల్ ఫ్రేము సంగతి. పాత ఫిల్ము రీలులో ఒక్కో ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. సెన్సరు కూడా అంతే ఉంటే ఫుల్ ఫ్రేము అంటారు, అంతకుమించి బ్రహ్మపదార్థం ఏమీ లేదు. దానికంటే ఒక మెట్టు కిందది ఏపీఎస్-సీ. సోనీ, నికాన్‌లలో అది సుమారు 23.5 బై 15.6. వైశాల్యాలు కడితే ఫుల్ ఫ్రేము 2.36 రెట్లు పెద్దది. అంటే అదే లెన్సు నంబరు దగ్గర అన్ని రెట్లు ఎక్కువ వెలుతురు పోగవుతుంది. ఫోటోగ్రాఫర్ల భాషలో ఒకటింపావు స్టాపు. చీకటిగా ఉన్న హాల్లో ఇది నిజంగా పెద్ద తేడానే, కాదనను.

ఇక మిర్రర్‌లెస్. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు వెనకాల ఒక అద్దం ఉండి బొమ్మని వ్యూఫైండర్‌కి పంపిస్తుంది, క్లిక్ కొట్టగానే టప్పున పైకి లేస్తుంది. వీడియో తీసేటప్పుడు మాత్రం ఆ అద్దం పైకి లేచి అలాగే ఉండిపోతుంది. అంటే 2008లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ టూ వీడియో మోడ్‌లో ఉన్నంతసేపూ మిర్రర్‌లెస్ కెమెరాయే! 2011లో రామ్‌గోపాల్ వర్మ ఐదు రోజుల్లో తీసేసిన 'దొంగల ముఠా' గుర్తుందా? రవితేజ, ఛార్మి. అది తీసింది కెనాన్ 5డి కెమెరాలతోనే. సినిమా ఎలా ఉందన్నది ఇక్కడ అప్రస్తుతం (అడక్కండి కూడా). కానీ పెద్ద హీరో సినిమాకి స్టూడియోవాళ్ళ కెమెరా సరిపోతుందని తేలాక, పెళ్ళివీడియోని కూడా సినిమాలా తియ్యమని జనం అడగడంలో వింతేముంది.

ఆ అద్దాన్ని శాశ్వతంగా పీకేసి, ఆటోఫోకస్‌తో, ఫుల్ ఫ్రేము సెన్సరుతో మొదట వచ్చింది 2013 అక్టోబర్లో ప్రకటించిన సోనీ ఏ7. దాని బ్యాటరీ లెక్క ప్రకారం 340 ఫోటోలు. మన పెళ్ళిలో 340 ఫోటోలు అంటే పెళ్ళికూతుర్ని చేసేటప్పటికే అయిపోతాయి. అసలు మార్పు 2018లో వచ్చిన ఏ7 త్రీతో. 24 మెగాపిక్సెళ్ళు, ఒక్క బ్యాటరీకి 710 ఫోటోలు, 693 ఫోకస్ పాయింట్లు, అవి ఫ్రేములో 93 శాతం మేర పరుచుకుని ఉంటాయి. 2019 ఏప్రిల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేటుతో కంటిని పట్టుకుని వదలకుండా ఫోకస్ చెయ్యడం కూడా వచ్చింది. హోమం పొగలో, బాసికం అడ్డున్నా పెళ్ళికూతురి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. "అంతకుముందు పది కొడితె రెండు షేక్, మూడు అవుటాఫ్ ఫోకస్. ఇప్పుడు నా తప్పుంటె తప్ప ఫోటో పాడుగాదు తమ్మీ" అంటాడు మా స్టూడియో అన్న. మిర్రర్‌లెస్‌కి మారడం దండగ అని నేను అనట్లేదు, గమనించగలరు.

మరి నా గొడవేంటి? రెండేళ్ళ క్రితం మా చిన్నాన్న కూతురి పెళ్ళి జరిగింది. సాగర్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో. మా తమ్ముళ్ళు, బావలు అందరూ ఐటీయే. అందరూ కలిసి "ఫుల్ ఫ్రేము ఉంటేనే అడ్వాన్సు" అని పట్టుబట్టి ఒక ఫోటోగ్రాఫర్ని కుదిర్చారు. ఉంది. ఏ కంపెనీదో చెప్పను, మంచి కెమెరాయే, కానీ ఒకే ఒక్క కార్డు స్లాటు. మూడోరోజు ఫోను వచ్చింది. పెళ్ళికూతుర్ని చెయ్యడం, రిసెప్షను వేరే కార్డుల్లో ఉన్నాయి, బాగున్నాయి. ముహూర్తం కార్డు తెరుచుకోవట్లేదు. అంటే గంపలో తీసుకురావడం నుంచి జీలకర్రబెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు... మొత్తం ఆ 128 జీబీ ముక్కలోనే.

"మనవాడు సాఫ్ట్‌వేరేగా" అని ఆ కార్డు నా చేతికొచ్చింది. ఫోటోరెక్ అని ఓపెన్ సోర్స్ టూలు ఒకటుంది, ఫైల్ సిస్టమ్ నాశనమైపోయినా ముక్కలు ఏరి ఫోటోలు బయటికి తీస్తుంది. కానీ కార్డు కంప్యూటర్‌కి కనిపిస్తే కదా! లోపలి కంట్రోలరే పోయింది. నాలుగు రీడర్లు, మూడు లాప్‌టాప్‌లు మార్చాను. లినక్స్‌లో పెట్టి చూశాను. ఉహూ. ఆ ఫోటోగ్రాఫరు పాపం డబ్బులు తిరిగిచ్చాడు. చిన్నాన్న ఒక్క మాట కూడా అనలేదు. వారం తర్వాత మాత్రం నాకు ఫోన్ చేసి, "వాట్సాప్‌లో ఎవరి దగ్గరైనా తాళి కట్టేది ఉందేమో చూడరా" అన్నాడు. దొరికాయి, ఓ పదిహేను. అన్నిట్లోనూ ముందు నిలబడ్డవాళ్ళ వీపులు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు.

ఉద్యోగంలో ప్రొడక్షన్ సర్వరు ఒకే డిస్కు మీద నడుస్తోందంటే మనం ఊరుకుంటామా? రెయిడ్ అంటాం, రెప్లికా అంటాం, డీఆర్ డ్రిల్ అంటాం. అలాంటి బుర్రలు పదిమంది కలిసి కెమెరా ఎంచితే ఒక్కడు కూడా "రెండో కాపీ ఎక్కడ పడుతుంది?" అని అడగలేదు. ఫుల్ ఫ్రేమేనా, ఫోర్ కే ఉందా, ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఇవే. నేను ఆ కమిటీలో లేను, ఉంటే అడిగేవాణ్ణా అంటే ఇప్పుడు చెప్పడం తేలిక.

కంపెనీలు కూడా ఈ విషయం మీద జనం చేత తిట్లు తిన్నవే. 2018 ఆగస్టులో నికాన్ మొదటి ఫుల్ ఫ్రేము మిర్రర్‌లెస్‌లు జెడ్6, జెడ్7 తెచ్చింది. కెమెరాలు భేషైనవి, కానీ ఒక్కటే స్లాటు. సెప్టెంబర్లో కెనాన్ ఈఓఎస్ ఆర్ తెచ్చింది, దానికీ ఒక్కటే. అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 త్రీకి మాత్రం రెండు. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు ప్రపంచమంతటా గోల చేశారు. 2020లో నికాన్ జెడ్6 టూ, కెనాన్ ఆర్6 వచ్చేసరికి రెండేసి స్లాట్లు దిగాయి. ఎంట్రీ మోడళ్ళలో కూడా తేడా చూడండి. 2020 నాటి నికాన్ జెడ్5కి రెండు స్లాట్లు. 2023 నాటి కెనాన్ ఆర్8కి సెన్సరు, ఆటోఫోకస్ అన్నీ ఘనమే, స్లాటు మాత్రం ఒకటి, బాడీలో స్టెబిలైజేషన్ కూడా లేదు. రెండూ "ఫుల్ ఫ్రేమే".

ఇక్కడ పాతతరం ఫోటోగ్రాఫర్లు ఒక మాట అంటారు. "ఫిల్ము రోజుల్లో బ్యాకప్ ఎక్కడేడ్చింది, పెళ్ళిళ్ళు తియ్యలేదా?" నిజమే. కానీ రీలుకి 36 ఫోటోలు. ఒక రీలు కాలిపోతే 36 పోయేవి, జీలకర్రబెల్లం ఒక రీల్లో, తలంబ్రాలు ఇంకో రీల్లో ఉండేవి. ఇప్పుడు పెళ్ళి మొత్తం గోరంత ముక్కలో పడుతోంది. వాళ్ళకి తెలియకుండానే వాళ్ళది డిస్ట్రిబ్యూటెడ్ స్టోరేజి!

ఇంకోటి. రెండు స్లాట్లు ఉంటే సరిపోదు, రెండింట్లోనూ ఒకేసారి రాసేలా సెట్ చెయ్యాలి. చాలామంది మొదటిది నిండాక రెండోదానికి వెళ్ళేలా పెట్టుకుంటారు. అప్పుడు అది స్టెప్నీ కాదు, పెద్ద డిక్కీ అంతే. ఏ7 త్రీలో ఇంకో కిటుకు ఉంది. రెండు స్లాట్లలో ఒకటే వేగమైన యూహెచ్‌ఎస్-టూ, రెండోది పాతరకం యూహెచ్‌ఎస్-వన్. రెండింట్లోనూ రాస్తే కెమెరా నెమ్మదిదాని వేగానికి దిగిపోతుంది. మిర్రర్ చేసిన డిస్కుల్లో ఒకటి స్లో అయితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా.

మెగాపిక్సెళ్ళ సంగతి లెక్కలతో తేల్చేద్దాం. మన పెళ్ళి ఆల్బమ్ షీటు సాధారణంగా 12 బై 36 అంగుళాలు. మడిస్తే ఒక పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కలు వేసుకున్నా, పేజీ నిండా ఒకే ఫోటో పెడితే కావాల్సింది 5400 బై 3600, అంటే 19.4 మెగాపిక్సెళ్ళు. 24 మెగాపిక్సెల్ కెమెరా 6000 బై 4000 ఇస్తుంది. ఇంకా మిగిలింది. పైగా మన డిజైనర్లు పేజీకి ఒక ఫోటో పెట్టి ఊరుకుంటారా, తొమ్మిది పెట్టి మధ్యలో గులాబీలు, పావురాలు కూడా పెడతారు. మరి 61 మెగాపిక్సెళ్ళ ఏ7ఆర్ ఫోర్ దేనికి? హోర్డింగులకి, స్టూడియోలో నగల ఫోటోలకి. అందులో కుదించని రా ఫైలు ఒక్కోటి 120 ఎంబీ దాకా ఉంటుంది. మూడువేల ఫోటోలు కొడితే 360 జీబీ. దాన్ని ఎక్కడ దాస్తారో, మూడేళ్ళ తర్వాత దొరుకుతుందో లేదో దేవుడికే తెలియాలి. పైగా ఇలాంటి హై రిజల్యూషన్ కెమెరాల్లో కొన్నిటికి సెన్సరు ముందు ఉండే మెత్తబరిచే ఫిల్టరు తీసేస్తారు. మొదటి ఏ7ఆర్, నికాన్ జెడ్7 అలాంటివే. సన్నటి నేత ఉన్న పట్టుచీర మీద ఒక్కోసారి చీరలో లేని రంగురంగుల అలలు ప్రత్యక్షమవుతాయి. పెళ్ళికూతురి తల్లి ఆ చీర ఖరీదు చెప్పి మరీ తిడుతుంది.

స్పెసిఫికేషన్లలో ఎవరూ చూడని ఇంకో లైను సెన్సరు చదివే వేగం. మన కరెంటు 50 హెర్ట్‌జ్. చాలా లైట్లు దానికి రెట్టింపు, సెకనుకి వందసార్లు మిణుకుమంటాయి, మన కంటికి తెలీదు. సైలెంట్ షట్టర్ పెట్టినప్పుడు కెమెరా సెన్సరుని పైనుంచి కిందికి వరసలవారీగా చదువుతుంది. మొత్తం చదవడానికి 50 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, ఆలోపు లైటు ఐదుసార్లు ఆరి వెలుగుతుంది. ఫోటో మీద ఐదు చారలు. వధూవరుల మొహాల మీద జీబ్రా క్రాసింగు. స్టేజి వెనక ఎల్‌ఈడీ గోడ పెట్టడం ఫ్యాషన్ అయ్యాక ఈ బాధ ఇంకా పెరిగింది, ఎందుకంటే వాటి మిణుకు వేగం వేరే. 2023 నవంబర్లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీ సెన్సరు మొత్తాన్ని ఒకేసారి చదివేస్తుంది, ఫుల్ ఫ్రేములో గ్లోబల్ షట్టర్ అదే మొదటిది. దాని ఖరీదు తెలిస్తే మన కళ్ళముందు చారలొస్తాయి :-) మామూలు కెమెరాతో మందేంటంటే, హాల్లో మెకానికల్ షట్టరే వాడాలి, షట్టర్ వేగం 1/100 దగ్గర పెట్టాలి. టకటకమని చప్పుడు వస్తే రానీయండి, పక్కన సన్నాయి మేళం ఉండగా మన షట్టరు చప్పుడు ఎవరికి వినపడింది?

వీడియోలోనూ ఇదే. మనం చూసే రివ్యూలన్నీ అమెరికావాళ్ళవి. వాళ్ళ కరెంటు 60 హెర్ట్‌జ్, అందుకే సెకనుకి 30 ఫ్రేములు, 1/60 షట్టరు అంటారు. అది చూసి దిల్‌సుఖ్‌నగర్లో అలాగే పెడితే వీడియోలో వెలుతురు ఊగుతుంది. మనకి 25 లేదా 50 ఫ్రేములు, 1/50 లేదా 1/100 షట్టరు. దీనికి పైసా ఖర్చులేదు, మెనూలో ఒక ఆప్షను.

కాగితం మీది అంకెలు ఎక్కడ కొలిచారో కూడా చూడాలి. 2020 జూలైలో కెనాన్ ఆర్5 వచ్చినప్పుడు ఎయిట్ కే, ఎయిట్ కే అని ఊగిపోయారు. ఎయిట్ కే తీస్తే వేడెక్కి సుమారు 20 నిమిషాలకి ఆగిపోతుందని కంపెనీయే చెప్పింది. ఆ 20 నిమిషాలు కూడా 23 డిగ్రీల గదిలో! మే నెల ముహూర్తానికి ఎల్బీనగర్లో 23 డిగ్రీలు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడుంటాయండీ? తర్వాత అప్‌డేట్లతో పరిస్థితి మెరుగుపడింది కానీ, అసలు పెళ్ళి వీడియోకి ఎయిట్ కే ఎవడు చూస్తాడు, ఏ టీవీలో? దానికంటే ఏ7 త్రీలో ఒక క్లిప్పు 29 నిమిషాలకి ఆగిపోతుందన్న చిన్న అక్షరాల వాక్యం ముఖ్యం. పంతులుగారు 29 నిమిషాలు చూసుకుని మంత్రాలు చదవరు కదా. ఐరోపాలో అరగంట రికార్డు చేసే కెమెరాలకి వీడియో కెమెరాల సుంకం పడేది, ఆ గీత దాటకుండా కంపెనీలు అక్కడ ఆపేశాయి. వాళ్ళ కస్టమ్స్ రూలుకి మన తాళికట్టుడు తెగిపోవడం... ప్రపంచీకరణ అంటే ఇదేనేమో. 2021 నాటి ఏ7 ఫోర్‌లో ఆ హద్దు తీసేశారు.

ఇక డబ్బులు. ఏ7 ఫోర్ వచ్చినప్పుడు మన దగ్గర బాడీ ఒక్కటే 2.4 లక్షల పైన. దానికి తగ్గ ఎఫ్ 2.8 జూమ్ లెన్సు కొనాలంటే దాదాపు ఇంకో బాడీ ఖరీదు. 2019 జనవరి నుంచి కెమెరాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఈమాత్రం, లేకపోతే ఇంకా ఎక్కువ. చాలామంది స్టూడియోవాళ్ళు ఏం చేస్తారంటే, పార్టీ అడుగుతోంది కదా అని ఈఎంఐ మీద బాడీ కొని, డబ్బులు చాలక దాంతో వచ్చిన 28-70 కిట్ లెన్సుతో లాగిస్తారు. ఆ లెన్సు జూమ్ చేస్తే ఎఫ్ 5.6. అదే పాత ఏపీఎస్-సీ కెమెరా మీద చవక 50 ఎంఎం ఎఫ్ 1.8 పెడితే, లెన్సు నంబరు వల్ల వెలుతురు తొమ్మిదిన్నర రెట్లు పైన. సెన్సరు చిన్నది కాబట్టి 2.36తో భాగించినా ఇంకా నాలుగు రెట్లు మిగులుతుంది. అంటే లక్షలు పోసి చీకటి కొనుక్కున్నట్టు. ఇది పెళ్ళి ఫోటోగ్రాఫర్లకే కాదు, బోనస్ రాగానే అనంతగిరి వెళ్ళడానికి ఫుల్ ఫ్రేము బుక్ చేసే మన మిత్రులకి కూడా వర్తిస్తుంది.

ఈ మాటే మా స్టూడియో అన్నతో అంటే నవ్వాడు. "నాకెర్కలేదా తమ్మీ? పార్టీ వచ్చి లెన్స్ ఏంది అని అడగడు. ఫుల్ ఫ్రేమా కాదా, గంతే. కాదంటె పక్క స్టూడియోకు పోతడు. ఉన్నదంటె రేటు తగ్గియ్యమంటడు." ఆయన రెండు బాడీలు ఈఎంఐ మీదే ఉన్నాయి. మూఢం వచ్చినన్నాళ్ళు పెళ్ళిళ్ళుండవు, కిస్తీ మాత్రం మూఢం చూసుకుని ఆగదు. ఆ నెలల్లో పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సులే గతి. మనకి నెల మొదట్లో జీతం పడుతుంది కాబట్టి ఈ సంగతి అంత తొందరగా తట్టదు.

అందుకే ఎవరైనా నన్ను అడిగితే కెమెరా పేరు అడగొద్దంటున్నాను. ముహూర్తం రెండు కార్డుల్లో పడుతుందా, ఏ లెన్సు వాడతారు, ఇదే హాల్లో రాత్రిపూట తీసిన పెళ్ళి ఒకటి మొత్తం చూపిస్తారా, అప్పగింతల నాటి రాత్రే ఫోటోలు వేరే హార్డ్ డిస్కులో కాపీ చేస్తారా, ఇవి అడిగితే చాలు. ఈ ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పినవాడి చేతిలో పదేళ్ళనాటి కెమెరా ఉన్నా సరే అడ్వాన్సు ఇచ్చెయ్యొచ్చు. ఫుల్ ఫ్రేము కావాల్సిందే అనుకుంటే ఆ రోజుకి అద్దెకి తెచ్చుకోమనండి, అద్దె మనం పెట్టుకుందాం. ఆయన చేత మూడేళ్ళ అప్పు చేయించడం కంటే అది నయం.

ఫిబ్రవరిలో మా తమ్ముడి పెళ్ళి. మా అన్నే తీస్తున్నాడు. రెండు స్లాట్లలోనూ ఒకేసారి రాయాలి అంటే, "రాస్తగని, కార్డులు డబుల్ గావాలె. దాని పైసలు ఎవలియ్యాలె?" అన్నాడు. కార్డులు నేనే కొనిస్తానన్నాను. పెళ్ళయ్యాక అవి ఆయన దగ్గరే ఉంటాయి, ఆ తర్వాతి పెళ్ళిళ్ళకి కూడా రెండింట్లోనూ రాయాలన్నది నా షరతు. ఒప్పుకున్నాడు. బ్యాటరీ గ్రిప్ కూడా ఒకటి కొనిస్తే బాగుండు అని నసుగుతున్నాడు, దాని సంగతి చూడాలి.